చాపలు పరిచే పని ఎవరిది?

మా గుడి ఎదురుగా ఒక జిరాక్స్ షాపు ఉంది. ఒక ఆదివారం సాయంత్రం యూత్ మీటింగ్ మధ్యలో మైకు సెల్లు అయిపోతే కొనడానికి బయటికొచ్చాను. షాపు ముందు సైకిలు స్టాండేసి, దాని మీదే కూర్చుని మా తొమ్మిదో తరగతి కుర్రాడొకడు కనిపించాడు. లోపల పాట నడుస్తోంది. వాడి వేళ్ళు హ్యాండిల్ మీద ఆ పాటకే దరువేస్తున్నాయి. "ఏరా, లోపలికి రావేం?" అన్నాను. "పనుందన్నయ్యా, వెళ్తున్నా" అని స్టాండు తీసి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక హాజరు పుస్తకం తీశాను. వాడి పేరు ఎదురుగా ఆరు వారాలుగా గీతలే. ఆ పుస్తకం రాసేది నేనే. ఆరు ఆదివారాలు వాడి దగ్గర గీత పెట్టి, కింది పేరుకి దిగిపోయానన్నమాట.

కారణం తర్వాత తెలిసింది. ఏడు వారాల కిందట అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి "తలొక వచనం చదవండి" అన్నాను. వాడు మూడో క్లాసు నుంచీ ఇంగ్లీషు మీడియం. మన తెలుగు బైబిలు భాషేమో గ్రాంథికం. ఒక పొడుగాటి మాట దగ్గర ఆగాడు, మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ ఆగాడు. పక్కనున్న వాళ్ళు కిసుక్కున నవ్వారు. నేనూ నవ్వాను. కావాలని కాదు, కానీ నవ్వాను. వాడికి గుర్తున్నది నా నవ్వే.

బ్యాంకులోనో, బళ్ళోనో, ఆసుపత్రిలోనో ఉద్యోగం చేసుకుంటూ, అయ్యగారు అడిగితే కాదనలేక యూత్ బాధ్యత నెత్తినేసుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలా ఇరుక్కున్నవాణ్ణే. "పిల్లల్ని రప్పించడం ఎలా?" అని చాలామంది అడుగుతుంటారు. రప్పించడానికేముంది, క్రికెట్ పెడితే వస్తారు, బిర్యానీ పెడితే ఇంకా ముందే వస్తారు. అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ పిల్లవాడు రాకపోతే ఆ సాయంత్రమే ఎవరికైనా తెలుస్తుందా? వాడు రాకపోతే ఆగిపోయే పని ఏదైనా ఉందా? రెండింటికీ "లేదు" అని జవాబొస్తే, వాడు వారం వారం వస్తున్నా మన దగ్గర లేనట్టే.

ముందు ఒక చిక్కు తేల్చుకోవాలి. మన సంఘాల్లో "యూత్" అంటే పదమూడేళ్ళ నుంచి పెళ్ళయ్యేదాకా. ఇరవై ఏడేళ్ళ సాఫ్ట్‌వేర్ అబ్బాయీ, పధ్నాలుగేళ్ళ పిల్లా ఒకే చాప మీద ఉంటారు. కమిటీ పెద్దవాళ్ళదే, మైకు పెద్దవాళ్ళదే, ప్రసంగంలో వచ్చే ఉదాహరణలన్నీ ఉద్యోగం గురించీ పెళ్ళి సంబంధాల గురించీ. వెనక కూర్చున్న పధ్నాలుగేళ్ళ పిల్లకి అక్కడ వినదగ్గ మాట ఒక్కటీ ఉండదు. సండే స్కూలు దాటేసింది, యూత్‌లోకి చేరనే లేదు. అలా మధ్యలో పోగొట్టుకున్న వాళ్ళే మన దగ్గర ఎక్కువ. అందుకని పదో తరగతి లోపువాళ్ళని ఒకటిగా, ఇంటరూ డిగ్రీ మొదటి ఏళ్ళవాళ్ళని ఇంకొకటిగా విడదీయండి. సంఘం చిన్నది, అందరూ కలిపి పదిహేనుమందే అంటారా? పాటలకీ ప్రార్థనకీ కలిసే ఉండండి, చివరి అరగంట మాత్రం విడిగా కూర్చోండి. అయిదారుగురికి ఒక అన్నో అక్కో ఉంటే చాలు. ఆ ఇరవై ఏళ్ళవాడికి వాక్యం విడమర్చి చెప్పడం రాకపోయినా ఫరవాలేదు. తన అయిదుగురిలో ఎవరు రాలేదో ఆ రాత్రికి తెలుసుకోగలిగితే చాలు.

మీటింగ్ అయిదింటికైతే నాలుగూ నలభైకే కొందరు వచ్చేస్తారు. ఎక్కువ తప్పులు జరిగేది ఆ ఇరవై నిమిషాల్లోనే. నాయకుడు కీబోర్డు అబ్బాయితో స్కేలు చూసుకుంటూ ఉంటాడు. పాత స్నేహితులు గుంపుగా నవ్వుకుంటూ ఉంటారు. కొత్తగా వచ్చిన పిల్లవాడు గోడ మీద వాక్యాల క్యాలెండరు నాలుగోసారి చదువుతుంటాడు. వాడు వచ్చే వారం వస్తాడో రాడో మీరు మైకు పట్టుకోకముందే తేలిపోయింది. కాబట్టి మీ పాఠం ఇంట్లోనే సిద్ధం చేసుకుని, ఆ ఇరవై నిమిషాలూ గుమ్మం దగ్గర, చెప్పులు విడిచే చోట నిలబడండి. "చదువెలా ఉంది?" అని అడక్కండి, ఆ ప్రశ్న ప్రపంచంలో ప్రతి పెద్దమనిషీ అడుగుతాడు. "మీ నాన్నగారి ఆటో బాగైందా?", "తమ్ముడికి జ్వరం తగ్గిందా?" అనండి. అలా అడగాలంటే కిందటివారం విని ఉండాలి, విన్నది గుర్తుండాలి. నాకు గుర్తుండదు. అందుకే హాజరు పుస్తకంలో పేరు పక్కన ఒక్కో మాట రాసుకుంటాను: ఆటో, జ్వరం, అమ్మమ్మ, హాస్టల్ గొడవ.

కొత్తవాళ్ళని లేచి నిలబడి పేరూ ఊరూ చెప్పమని, చప్పట్లు కొట్టించే అలవాటు మన దగ్గర బాగా ఉంది. గౌరవమనే చేస్తాం. పదిహేనేళ్ళ వయసులో నలభై కళ్ళు ఒకేసారి మీద పడితే అది గౌరవంలా ఉండదు. దానికి బదులు పాటల పుస్తకాల కట్ట చేతికిచ్చి, "ఆ వరసకి నువ్వు పంచు, ఈ వరసకి అక్క పంచుతుంది" అనండి. చేతిలో పనుంటే కళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలుస్తుంది, పంచుతూ పంచుతూ పది మొహాలు పరిచయమవుతాయి. ఆటలకి ఇద్దరు కెప్టెన్లని పెట్టి మనుషుల్ని ఏరుకోమనే పద్ధతి కూడా మానెయ్యండి. చివరగా మిగిలిపోయేవాడు ప్రతివారం ఒకడే. ఒకటీ రెండూ అని అంకెలు లెక్కపెట్టించి జట్లు చేస్తే సరిపోతుంది.

ఇక పని సంగతి. మందిరంలో పని అంటే మనకి వెంటనే పాడడం, వాయించడం, ప్రార్థన నడిపించడం గుర్తొస్తాయి. అవి నలుగురికే సరిపోతాయి. మిగతా ఇరవైమందీ ప్రేక్షకులు. కానీ ఒక్క ఆదివారం సాయంత్రం నడవాలంటే ఎన్ని చేతులు కావాలో లెక్కేసి చూడండి. చాపలు పరచాలి, దులిపి మళ్ళీ చుట్టాలి. మైకు సెల్లు చూడాలి. ప్రొజెక్టరుకి పాటలు తెలుగులో టైపు చేయాలి, ఒత్తులు ఎగిరిపోకుండా సరిచూడాలి. మంచినీళ్ళ క్యాన్ తెప్పించాలి. కొత్తగా వచ్చినవాడి ఇల్లు ఏ సందులోనో తెలుసుకోవాలి. డిసెంబరొస్తే నక్షత్రం కట్టాలి, పశువుల పాక వేయాలి, క్యారల్స్‌కి ఏ రాత్రి ఏ వీధో జాబితా రాయాలి, ఎవరింట్లో టీ ఇస్తారో ఎవరింట్లో కుక్క ఉందో కూడా. ఇందులో ఏదీ చిన్న పని కాదు. ఇన్నాళ్ళూ ఇవన్నీ మీరో, మందిరం ఊడ్చే ఆయనో చేసి పెట్టడం వల్ల పిల్లలు కుర్చీల్లో కూర్చుండిపోయారు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 1881 ఫిబ్రవరి 2న అమెరికాలో మెయిన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఫ్రాన్సిస్ క్లార్క్ అనే పాస్టరు తన సంఘం కుర్రకారుని ఇంటికి పిలిచి క్రిస్టియన్ ఎండీవర్ సొసైటీ మొదలుపెట్టాడు. ఆ సొసైటీ తర్వాత దేశదేశాలకీ పాకింది, మన దేశానికీ వచ్చింది. అందులో నాకు నచ్చింది వాళ్ళ ప్రసంగాలు కాదు, కమిటీలు. ప్రార్థన కూడికకి ఒకటి, కలుపుగోలు కార్యక్రమాలకి ఒకటి, ఇంకోటి కనిపెట్టి చూసే కమిటీ. కొత్తగా ఎవర్ని పిలవాలో, వస్తున్నవాళ్ళలో ఎవరు జారిపోతున్నారో చూడడమే దాని పని. అదీ చేసేది పెద్దలు కాదు, కుర్రవాళ్ళే. ఒక గుంపు నిలబడాలంటే పాడేవాళ్ళెంత అవసరమో రానివాళ్ళని కనిపెట్టేవాళ్ళూ అంతే అవసరమని ఆయనకి నూట నలభై ఏళ్ళ కిందటే తెలుసు. నాకు తెలియడానికి జిరాక్స్ షాపు దాకా నడవాల్సివచ్చింది.

పని ఇవ్వడం తేలికే. ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కోకుండా ఉండడం కష్టం. ఇంటర్ మొదటి సంవత్సరం అమ్మాయొకతెకి ప్రొజెక్టరు పని అప్పగించాను. చక్కగా చేసేది. ఈస్టర్ తెల్లవారుజామున, గుడి నిండా జనం ఉండగా, ఒక పాటలో రెండో చరణం తెర మీదికి రాలేదు. టైపు చేయడం మర్చిపోయింది. జనానికి ఆ చరణం నోటికే వచ్చు, పాడేశారు. కానీ ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి నా వైపు చూశారు. ఆ ఒక్క చూపుకి నేను కంగారుపడ్డాను. మరుసటి వారం నుంచి ల్యాప్‌టాప్ నా దగ్గర పెట్టుకున్నాను. "నువ్వు చదువుకోమ్మా, నేను చూసుకుంటాలే" అన్నాను. ఆ అమ్మాయి సరే అంకుల్ అంది. నెల తిరిగేసరికి రావడం మానేసింది. అడిగితే ట్యూషన్ అంది. ట్యూషన్ ఉన్నమాట నిజమే, అంతకుముందూ ఉంది.

ఆ పిల్ల మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఇంకో ఊళ్ళో నర్సింగ్ చదువుతోంది. పండగకి కనిపిస్తే వందనాలు చెబుతుంది. అప్పుడు నేను చేయాల్సిందల్లా ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి "పొరపాటు నాదండీ, ముందురోజు నేను సరిచూడలేదు" అనడం, ఆ అమ్మాయితో "వచ్చేవారం శనివారం రాత్రికల్లా నాకొకసారి చూపించమ్మా" అనడం. రెండు వాక్యాల పని. పిల్లలు పెద్దల ముందు తప్పు చేసినప్పుడు వాళ్ళకీ పెద్దలకీ మధ్య నిలబడడం నాయకుడి ఉద్యోగంలో మొదటి షరతు అని ఇప్పుడు ఎవరికైనా చెబుతున్నాను. సంఘ పెద్దలు కోప్పడతారు. పడనివ్వండి. ఆఫీసులో మన కింద పనిచేసేవాడి పొరపాటుకి పై అధికారి దగ్గర మనం మాట పడమా?

డబ్బు దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. క్యాంపుకి మనిషికి అయిదొందలని పెడతాం. ఎవరివ్వలేదో ఆ పేర్లు వాట్సాప్ గ్రూపులో పెడతాం, "బ్రదర్స్ అండ్ సిస్టర్స్, బ్యాలెన్స్ ఉన్నవారు గమనించగలరు" అని. ఆ జాబితాలో పేరు చూసుకున్న పిల్ల క్యాంపుకి రాదు, "అమ్మ పంపట్లేదు" అంటుంది. మేం ఇప్పుడు కవర్లు పెట్టాం. అందరూ కవరు ఇస్తారు, కవరు మీద పేరుంటుంది, లోపల ఎంతుందో కోశాధికారి ఒక్కరికే తెలుసు. కొన్ని కవర్లలో యాభై ఉంటుంది, ఒక్కోదాంట్లో ఏమీ ఉండదు. ఉన్నవాళ్ళు ఒకరిద్దరు రెండింతలు పెడతారు. లెక్క ఎప్పుడూ సరిగ్గా తేలలేదు, క్యాంపు మాత్రం ఎప్పుడూ ఆగలేదు. క్రిస్మస్ కోయిర్‌కి ఒకే రంగు చొక్కాలు, ఒకే రంగు చుడీదార్లు కుట్టిద్దామని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు ప్రతిపాదిస్తారు. చూడ్డానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కుట్టించుకోలేని ముగ్గురు గొంతు బాగాలేదని తప్పుకోవడం మాత్రం బాగుండదు. తెల్ల చొక్కా దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వాట్సాప్ గ్రూపు విషయంలోనూ ఇంతే. చాలామంది ఆడపిల్లలకి సొంత ఫోను ఉండదు, అమ్మ ఫోనుకే మెసేజ్ వస్తుంది, అమ్మ పొలం నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఫోనున్న ప్రతివాడూ ఫోను లేని పక్కింటి ఒకరికి నోటితో చెప్పాలని జతలు కట్టెయ్యండి.

చదివించడం గురించి మొదట్లో చెప్పాను కాబట్టి ఎలా సరిదిద్దుకున్నానో కూడా చెబుతాను. ఇప్పుడు ఎవర్నీ అప్పటికప్పుడు చదవమనను. ఎవరు చదవాలో బుధవారమే చెబుతాను, ఏ వచనాలో రాసిస్తాను. చదవడం రానివాళ్ళు ఇంట్లో నాయనమ్మ దగ్గర కూర్చుని నేర్చుకుంటారు. మన ముసలమ్మలు బడికి వెళ్ళకపోయినా చాలామందికి అధ్యాయాలకి అధ్యాయాలు కంఠతా వచ్చు. ఇంగ్లీషు బైబిల్లో చదువుతానంటే చదవనిస్తాను. అమెరికాలో ఉన్న తెలుగు సంఘాల్లో ఈ చిక్కు ఇంకా ముదిరింది. అమ్మానాన్నలు తెలుగులో ఆరాధిస్తుంటే పిల్లలు పక్క గదిలో ఇంగ్లీషులో పాడుకుంటారు. ఏడాదికోసారి క్రిస్మస్ నాటకంలో రెండు తెలుగు మాటలు చెప్పించి సంతోషపడతారు. అక్కడి నాయకులకి నేను చెప్పగలిగింది ఒకటే, ఆ పిల్లల తెలుగుని చూసి నవ్వకండి. ఎవరి నవ్వు ఎన్నాళ్ళు గుర్తుంటుందో నాకు తెలుసు.

పిల్లల్ని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోబెట్టడానికి ఇంకో మంచి పనుంది. మీ గుడి శంకుస్థాపన రాయి మీద ఏముందో ఇద్దరు పిల్లల్ని చూసి రమ్మనండి. ఆ కాలం ఎవరికి గుర్తుందో వెతికి, వాళ్ళ మాటలు ఫోనులో రికార్డు చేసుకు రమ్మనండి. ఒంగోలు వైపు పిల్లలైతే 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న కథలో తమ ముత్తాతల్ని వెతుక్కోవచ్చు. గుంటూరు లూథరన్ పిల్లలకి 1842లో మిషనరీగా వచ్చిన ఫాదర్ హయ్యర్ ఉన్నాడు, మెదక్ పిల్లలకి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన ఆ పెద్ద గుడి ఉంది. మీది పాతికేళ్ళ రేకుల షెడ్డు మందిరమైనా దానికీ ఒక కథ ఉంటుంది. ఆ రేకులు ఎవరు మోశారో, కరెంటు కనెక్షన్ కోసం ఎవరు ఆఫీసు చుట్టూ తిరిగారో అడిగి తెలుసుకున్న పిల్ల ఆ తర్వాత ఆ రేకుల్ని చూసే చూపే వేరు.

ఒక సున్నితమైన సంగతి చెప్పక తప్పదు. మన దగ్గర చాలామంది పిల్లలకి గుళ్ళో ఒక పేరు, సర్టిఫికెట్లలో ఇంకో పేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దానికి 1956లోనూ 1990లోనూ వచ్చిన సవరణల ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఎస్సీ హోదా. క్రైస్తవులైన దళితులు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సి కిందికి వస్తారు. ఏ ఇంట్లో ఏ కాగితం ఎందుకు ఎలా ఉందో తీర్పు చెప్పే పని యూత్ నాయకుడిది కాదు. కానీ క్యాంపు రిజిస్ట్రేషన్ టేబుల్ దగ్గర తోటి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఆధార్ జిరాక్సులు తీసుకోమంటే, పది నిమిషాల్లో ఒక అమ్మాయి రికార్డు పేరు హాలంతా తిరుగుతుంది. కాగితాలు ఒక పెద్దమనిషే తీసుకోవాలి, తీసుకుని కవర్లో పెట్టాలి. పిల్లలు ఏ పేరుతో పిలవమంటే ఆ పేరే. పేటల సంగతీ అంతే. ఒకే ఊళ్ళో రెండు పేటలకి రెండు గుళ్ళున్న చోట, అటు పిల్ల ఇటు వస్తే "మీదే పేట?" అనే ప్రశ్న మన కమిటీ పెద్దల నోట్లోంచే ముందు ఊడిపడుతుంది. ఆ ప్రశ్న మా యూత్‌లో అడగరాదని పెద్దల ముందే ఒకసారి గట్టిగా చెప్పాను. ఇద్దరు నాతో మాట్లాడ్డం మానేశారు.

స్నేహితుడితో కలిసి వచ్చే హిందూ, ముస్లిం పిల్లలు కూడా ఉంటారు, క్రికెట్ కోసమో పాటల కోసమో. రానివ్వండి. కానీ మొదటివారమే వాళ్ళమ్మానాన్నలకి మీరు ఫోను చేయండి, ఏం జరుగుతుందో చెప్పండి, ఒప్పుకుంటేనే రమ్మనండి. ఇంట్లో దాచి రావాల్సిన చోటు ఏ పిల్లవాడికీ తనదనిపించదు.

చదువుల క్యాలెండరూ మన క్యాలెండరూ పొసగవు. పదో తరగతి అయ్యాక సగంమంది విజయవాడ, హైదరాబాద్ జూనియర్ కాలేజీ హాస్టళ్ళలో తేలతారు. ఆదివారం కూడా స్టడీ అవర్లే. మన పెద్ద కార్యక్రమాలన్నీ డిసెంబర్లో పెట్టుకుంటాం, అప్పుడు వాళ్ళకి దొరికేది ఒకటి రెండు రోజులు. వాళ్ళు నిజంగా ఇంట్లో ఉండేది దసరాకీ సంక్రాంతికీ. కాబట్టి హాస్టల్ పిల్లల కూడిక ఆ సెలవుల్లో పెట్టండి. పెద్ద హంగామా అక్కర్లేదు, డాబా మీద కూర్చుని చికెన్ పకోడీ తింటూ రెండు గంటలు మాట్లాడుకున్నా చాలు. మిగతా ఏడాదంతా హాజరు పుస్తకంలో వాళ్ళ పేర్లు కొట్టెయ్యకండి, ఒక పేజీ వాళ్ళకి కేటాయించండి.

ఫిబ్రవరిలో పరీక్షల ప్రార్థన పెట్టి పెన్నులు చేతికిచ్చి పంపుతాం. బాగానే ఉంటుంది. ఫలితాలొచ్చాక ఆదివారం ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళని స్టేజి ఎక్కించి మెమెంటోలు ఇస్తాం. ఒక సబ్జెక్టు పోయినవాడు ఆ ఆదివారం వస్తాడా? ఫలితాల రోజు మధ్యాహ్నం ఆఫీసులో అరపూట సెలవు పెట్టి మొదటి ఫోను తప్పినవాళ్ళకే చేయండి. "సప్లిమెంటరీకి ఫీజు ఎప్పటిలోపు కట్టాలో కనుక్కుందాం, సాయంత్రం వస్తాను" అనండి, వెళ్ళండి. ఓదార్పు మాటల కంటే ఫీజు తేదీ బాగా పనిచేస్తుంది. మాట తేడాగా ఉంటే, మనిషి మరీ ముడుచుకుపోయినట్టుంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లోవాళ్ళకి చెప్పండి, టెలీ మానస్ 14416కి ఫోను చేయించండి, అందులో తెలుగులో మాట్లాడతారు. ప్రార్థన చేయండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళండి. ఒకటి చేస్తే రెండోది అక్కర్లేదనుకోకండి.

పిల్లలు మనసు విప్పడం మొదలుపెట్టాక అసలు బరువు మీద పడుతుంది. "మా నాన్న తాగొచ్చి కొడుతున్నాడన్నయ్యా, ప్రార్థన చెయ్యండి" అని ఒకడు చెబుతాడు. ఆ రాత్రే మీరు దాన్ని ప్రార్థన విన్నపమని పేరు లేకుండా గ్రూపులో పెడతారు. మన ఊళ్ళో పేరు లేకపోతే మాత్రం ఎవరో తెలియదా? ఆ పిల్లవాడు ఇక జన్మలో నోరు విప్పడు. ఎవరితోనైనా పంచుకోవాలంటే వాడినే అడగండి. అబ్బాయి అమ్మాయితో బస్టాండు దగ్గర మాట్లాడాడని వాళ్ళింటికి ఫోను చేయకండి, యూత్ నాయకుడు వేగులవాడు కాదు.

అయితే ఎవరికీ చెప్పనని ముందే మాటిచ్చెయ్యడమూ తప్పే. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక దాడి, వేధింపు జరిగినట్టు తెలిసినా, అనుమానం వచ్చినా పోలీసులకి తెలపాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. తెలిసీ దాస్తే అదీ నేరమే. తప్పు చేసినవాడు సంఘంలో ఎంత పెద్దవాడైనా, గుడికి పరువు పోతుందని ఎవరు బతిమాలినా సరే. 1098కి ఫోను చేస్తే పిల్లలకి సాయం దొరుకుతుంది. "నీ మాట బయట ఎక్కడా చెప్పను, నీకు ప్రమాదమనిపిస్తే మాత్రం సాయం చేయగలిగినవాళ్ళకి చెబుతాను" అని మొదటి రోజే అందరి ముందూ చెప్పెయ్యండి. మీకూ కొన్ని కట్టుబాట్లు ఉండాలి. తలుపేసిన గదిలో ఒక్క పిల్లతో ఒక్కరే కూర్చోకండి. రాత్రి పదిన్నరకి విడిగా మెసేజులొద్దు. క్యారల్స్ రాత్రి ఆడపిల్లల్ని దింపే వ్యానులో ఒక అక్కో ఆంటీనో ఉండాలి. ఇద్దరు నాయకులు, ఒక మగ, ఒక ఆడ, ఉండాల్సిందే. ఒకరికి నైట్ డ్యూటీ పడితే ఇంకొకరు ఉంటారు, ఆ లాభమూ ఉంది.

ఉద్యోగం చేస్తూ ఇదంతా ఎక్కడ కుదురుతుందంటారా? నాకు ఆదివారం మూడు గంటలు, మంగళవారం రాత్రి అరగంట, బుధవారం పది నిమిషాలు పడుతుంది. మంగళవారం అరగంటే ముఖ్యం. మొన్న రానివాళ్ళకి ఆ అరగంటలో ఫోను చేస్తాను. "ఎందుకు రాలేదు?" అని అడగను, అది హెడ్మాస్టరు ప్రశ్న. "మొన్న చాపలు మడత పెట్టడానికి మనిషి లేక నానా తంటాలూ పడ్డాం" అంటాను. ఏడాదిలో సెలవులు రెండు దసరా కూడికకీ, రెండు డిసెంబరుకీ దాచుకుంటాను. ఆఫీసు పనివేళల్లో యూత్ ఫోన్లు ఎత్తను. ఎత్తితే రెండు పనులూ చెడతాయి, అనుభవం మీద చెబుతున్నాను. పెళ్ళయినవాళ్ళకి ఒక మాట: ఇంట్లో మనిషిని అడిగి ఒప్పుకోండి, ఒప్పుకున్నాక చెప్పకండి.

జిరాక్స్ షాపు ముందు కనిపించిన కుర్రాడి ఇంటికి ఆ మంగళవారమే వెళ్ళాను. వాళ్ళమ్మ టీ పెట్టింది. వాడు మంచం పట్టీ మీద కూర్చుని నేల చూస్తున్నాడు. "ఆ రోజు నేను నవ్వాన్రా, తప్పు నాదే" అన్నాను. వాడు ఏమీ అనలేదు. "మన డోలక్ అన్నయ్యకి ఇంటర్ పరీక్షలు, రెండు నెలలు రాడు. ఎవరూ లేరు" అన్నాను. "నాకు రాదన్నయ్యా." "సైకిలు హ్యాండిల్ మీద కొడుతుంటే చూశాను." వాళ్ళమ్మ నవ్వింది, "ఇంట్లో గిన్నెలు, డబ్బాలు ఒక్కటీ మిగల్లేదు బాబూ" అని. రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చాడు, ఆలస్యంగా, వెనక తలుపు నుంచి.

ఇప్పుడు వాడు డిప్లొమా చదువుతున్నాడు. బైబిలు ఇప్పటికీ తడుముకుంటూనే చదువుతాడు. సామాన్ల బీరువా తాళం మాత్రం వాడి దగ్గరే ఉంటుంది. మొన్న ఆదివారం నేను కొంచెం ముందెళ్ళి మైకు స్టాండు కోసం వెతుకుతుంటే దొరకలేదు, సామానంతా వాడు వేరే పద్ధతిలో సర్దేశాడు. "మీరు అటు కూర్చోండన్నయ్యా, నేను తీస్తాను" అన్నాడు. తీస్తూనే గుమ్మం వైపు చూసి, చెప్పుల దగ్గర తచ్చాడుతున్న ఏడో తరగతి పిల్లవాణ్ణి కేకేశాడు: "ఒరేయ్, ఇలా రా, ఈ చాప అటు కొస పట్టుకో."